పసుల బాట – రాజ్యముల పొలిమేర

హైదరాబాదునుండి విజాపురమునకు బోవు పెద్దబాట పూడూరు మండలమునందలి మన్నెగూడకడ రెండుగా జీలును. ఒక శాఖ వికారాబాదు మీదుగా తాండూరునకు బోవును. రెండవది పరిగి, కొడంగల్ మీదుగా కన్నడదేశమున బ్రవేశించును. ఈ బాటల వెంట నేడు లారీలును బస్సులును పరుగిడుచున్నవి. మోటారు పుట్టకముందు ఈ సీమలోని త్రోవలు పశువుల గిట్టలచే ద్రొక్కబడినవి. రాజులు నడచిన దారులను చరిత్రకారులు పెక్కండ్రు వర్ణించిరి. ఎద్దులు నడచిన దారులను వర్ణించినవారు మిక్కిలి తక్కువ. అయినను మన దేశమున రాజులకంటె నెద్దులే యెక్కువమందికి అన్నము పెట్టినవి. కావున వాని రాకపోకలకు గలిగిన యడ్డంకులను, వానివలన రైతులకును పసులకాపరులకును వాటిల్లిన నష్టములను విచారించుట చరిత్రకు దగని పని గాదు.

ముందుగా ఎద్దుల వర్తకముయొక్క స్వభావము నెఱుగవలెను. రైతునకు ఎద్దు నిలువ ధనము గాదు, మాఱకపు ధనము. రెండు మూడెకరముల రైతు పాలపండ్ల కోడెలను చౌకగా గొనును. వానిని కాడికి మప్పును. ఆఱు పండ్లు వచ్చి బలము కుదిరిన పిదప కొన్ని యేండ్లు దున్నించుకొనును. వాని యోపిక తగ్గకమున్నే యంగడికి దోలి యమ్మి, ఆ సొమ్మునకు మఱికొంత చేర్చి మరల కోడెలను గొనును. ముసలియెద్దు కొట్టము విడిచినగాని క్రొత్తకోడె కొట్టమునకు రాదు. అమ్ముబడి యాగిన కొనుబడియు నాగును. ఇది యెల్ల పల్లెలవారికిని దెలిసిన లెక్కయే గాని, చట్టములు చేయువారికి తఱచుగా దెలియని లెక్క.

ఇంకొకటి గలదు. పశువులను బెంచు సీమ వేఱు, వానితో దున్ను సీమ వేఱు. గడ్డిమేపు గల తావుల దూడలు పెరుగును. నల్లరేగడి గల తావుల వానికి పని దొరకును. దేవణి జాతి బీదరు, లాతూరు సీమలది. కృష్ణాతీరపు జాతి కర్ణాటక మహారాష్ట్రముల నడుమ పుట్టినది. నల్లమల యందలి అమరాబాదు ప్రాంతమున లంబాడీలు పెంచు పొడతూర్పు పశువులకు 2020లో ప్రత్యేకజాతిగా గుర్తింపు వచ్చినది. పెబ్బేరు, దేవరకద్ర, సర్దార్‌నగర్ వంటి యంగళ్లలో నొక జిల్లాలో పుట్టిన కోడె మఱియొక జిల్లా రైతు చేతికి మాఱును. దళారి తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టి ధర చెప్పును. కొనువాడు పండ్లు చూచును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. పశువు ఏ రాష్ట్రమున బుట్టినదని మాత్ర మతడు చూడడు. అది యతని పనికి వచ్చు ప్రశ్న గాదు. ఈ ప్రశ్న నడుగువాడు పొలిమేరకడ నిలిచిన యధికారి.

ఆ పొలిమేరకును పశువునకును గల సంబంధము మిగుల ప్రాచీనమైనది. వేదభాషలో యుద్ధమునకు గవిష్టి యను పేరు గలదు. ఆవులను గోరుట యని దాని యర్థము. మహాభారతమున సుశర్మ దక్షిణపు మందలను, కౌరవులు ఉత్తరపు మందలను బట్టి విరటుని రాజ్యముపై బడిరి. ఈ గోగ్రహణ కథను మన తెలుగువారు వానలు గోరి చదివించుకొను నాచార మొకటి యున్నది. దక్కను పల్లెలలో పశువులను విడిపింప బోయి మడిసిన వీరుల శిలలు నేటికిని గానవచ్చుచున్నవి. ఈ సాక్ష్యములన్నియు నొక్క మాట చెప్పుచున్నవి. పశువు నడచిపోగల ధనము గనుక, పొలిమేర దాటిన పిదప దాని యజమాని యెవడను వివాదము తప్పక పుట్టును. పొలిమేరయందు న్యాయము చెప్పువాడు లేనిచో నా వివాదము కత్తితో దీఱును.

కౌటిల్యుని యర్థశాస్త్రము ఈ చిక్కునకు జూపిన పరిష్కారము మెచ్చదగినది. అంతపాలుడనగా పొలిమేరను గాచు నధికారి. సరకుబండికి పణమున్నర పాతికలో గాక పణమును పాతికయు, ఒంటిగిట్ట జంతువునకు పణము, పశువునకు అరపణము, చిన్నజీవములకు పాతికపణము చొప్పున నతడు దారిసుంకము గొనవలెను. ఇంతవరకు వింత లేదు. సుంకము గొనని ప్రభుత్వ మెచ్చటను లేదు. అయితే ఆ గ్రంథ మంతటితో విడువక, దారిలో బోయినదానిని, దొంగిలింపబడినదానిని అంతపాలుడే పూరింపవలెనని విధించినది. సుంకము గొన్నవాడు పూచీపడవలెనన్న మాట. గోధ్యక్షుని ప్రకరణమున ప్రతి పశువుయొక్క ముద్రను, పుట్టుమచ్చను, రంగును, కొమ్ముల తీరును పుస్తకమున కెక్కింపవలెనని నియమము గలదు. గుర్తు రాజు లెక్కకు మాత్రమే గాక పశువు తప్పిపోయినపుడు దాని నెఱుగుటకును బనికివచ్చును. పొలిమేరకు హక్కును బాధ్యతయు రెండును గలవని యీ ప్రాచీనులు గ్రహించిరి.

ఇదే నీతిని మన కాకతీయ గణపతిదేవుడు 1244వ సంవత్సరపు మోటుపల్లి యభయశాసనమున సముద్రవర్తకులకు వర్తింపజేసెను. అంతకుముందు గాలివాటున దరిజేరిన యోడలను రాజులు పట్టుకొనుచుండిరి. గణపతిదేవు డా దుర్నయమును మాన్పి, నియతమైన సుంకమునకు మించి గొననని మాట యిచ్చెను. ఏమి కోల్పోవుదునో ముందుగా దెలిసిన వర్తకుడు ధైర్యముతో వచ్చును, తెలియనివాడు రాడు. సుంకము వర్తకమును జంపదు, అనిశ్చయమే చంపును.

మధ్యయుగముల పశుబలమునకు అధిపతులు బంజారాలు. మన సీమలో వీరిని లంబాడీలనియు సుగాలీలనియు బిలుతురు. వికారాబాదు జిల్లాయందలి తండాలు వీరి సంతతివారివి. 1632లో పీటరు మండీ యను నాంగ్లేయుడు ధాన్యము మోయుచున్న 14,000 ఎద్దుల తండా నొకదానిని దారిలో జూచితినని వ్రాసెను. ఫ్రెంచివాడైన టావెర్నియే పదిపండ్రెండు వేల యెద్దుల బారులను వర్ణించి, ధాన్యము, బియ్యము, పప్పుదినుసులు, ఉప్పు అను నాలుగింటిలో నొక్కొక్కటి మాత్రమే మోయు నాలుగు తెగలు వీరిలో గలవని చెప్పెను. 1791–92లో కారన్‌వాలీసు మైసూరుపై దండెత్తినపుడును, 1803లో వెల్లెస్లీ మహారాష్ట్రులతో బోరినపుడును సేనలకు తిండిగింజలు చేర్చినవి బంజారాల యెద్దులే. ఒకరితో నొకరు పోరు రాజులు సయితము వీరిని దోచుటకు వెనుదీయుచుండిరి. ధర్మమున కంటె అవసరమునకు లోబడిన మర్యాద యిది. వీరి యెద్దులు లేనిదే రేపటి దినమున తమ సేనకు దిండి లేదు. కాబట్టి రాజ్యములు మాఱినను, ఎల్లలు మాఱినను బంజారా బాట మాఱలేదు.

ఆ బాటను మాన్పినది యుద్ధము గాదు, పొగబండి. నిజాము రైలుమార్గము వాడి కూడలినుండి తాండూరు, వికారాబాదుల మీదుగా సికింద్రాబాదువరకు 1874లో దెఱవబడినది. పదివేల యెద్దులు నెలల తరబడి మోయు బరువును కొన్ని బండ్లు రెండు దినములలో జేర్చెను. ఉప్పుమోత పోయినది, ధాన్యపుమోత పోయినది. మోతబ్రదుకు బోగొట్టుకొన్న లంబాడీలలో గొందరు సేద్యమునకు దిగిరి. కొందరు పశువులను బెంచి యమ్ముటయే వృత్తిగా జేసికొనిరి. నిన్నటివఱకు సేనలను బోషించినవారు నేడు పశువులను దోలుకొని యూరూర దిరుగువా రైరి. తిరుగువానిని ఊరివాడును, పోలీసువాడును అనుమానించుట లోకరీతి. 1871లో ఇంగ్లీషుప్రభుత్వము నేరజాతుల చట్టమును జేసినది. 1911లో అది చెన్నరాజధానికిని విస్తరించి, ఎఱుకలవారిలోను లంబాడీలలోను గొన్ని జట్లను దన కోఱలలోనికి దీసికొన్నది. పుట్టుకయే నేరమన్న యా చట్టము 1952లో రద్దయ్యెను. చట్టము పోయినను దాని చూపు పోలేదు. రాత్రివేళ పశువులను దోలుకొని పోవువాడు దొంగయే యను భావము మన సంఘమున నింకను నిలిచియున్నది. ఎండదెబ్బకు భయపడి చల్లనివేళ పశువులను నడుపుట కాపరులకు తరతరముల యలవాటని తెలిసినవారు తక్కువ.

పొలిమేరలయందు కట్టుబాటు లక్కఱలేదని నా వాదము గాదు. కట్టుబాటునకు సహేతుకమైన కారణములు గలవు. అందు మొదటిది రోగము. రిండర్‌పెస్టు అను పశుమారి పంతొమ్మిదవ శతాబ్దమున మందలకు మందలనే తుడిచిపెట్టెను. దానిని విచారించుటకు నియమింపబడిన సంఘము 1871లో నివేదిక యిచ్చినది. 1889లో పూనాయందు పశురోగ పరిశోధనాలయము స్థాపింపబడి, 1893లో హిమాలయపు ముక్తేశ్వరమునకు మాఱినది. 1954లో దేశవ్యాప్తమైన నిర్మూలనోద్యమ మారంభమైనది. భారతదేశమునకు 2006లో రోగవిముక్తి గుర్తింపు వచ్చినది. 2011లో ప్రపంచమంతయు దానినుండి విముక్తమయ్యెను. ఇంత ఘనకార్యము పొలిమేరలు మూసినందున నెఱవేఱినది గాదు. పొలిమేరకు రెండువైపుల నొకే టీకా, ఒకే లెక్క, ఒకే నియమము నడచినందున నెఱవేఱినది. ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు అంటురోగములు ప్రాకకుండ జూచుటను మన రాజ్యాంగము ఉమ్మడి జాబితాలో జేర్చినది. లంపీ చర్మవ్యాధి 2022లో ఉత్తరదేశమున విజృంభించినపుడు ఆ వివేక మెంత యవసరమో మరల దెలిసినది.

ఇక మన సీమ ఎల్లల చరిత్ర జూతము. 1802లో కుంఫిణీవారికిని నిజామునకును గుదిరిన వర్తకపు ఒడంబడికచే ఇరుదెసల సరకులకు నూటికి 5 వంతుల సుంక మేర్పడినది. నిజాము సంస్థానమున నా శాఖను కరోడ్‌గిరీ యనిరి. ఆ యెల్ల మనకు దవ్వున నున్నది; షోలాపురము వైపునను, కర్నూలు వైపునను నుండెను. వికారాబాదు, తాండూరు, గుల్బర్గా, బీదరు లన్నియు నొక్క సంస్థానములోనివే. తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాకే చెందియుండెను. 1948లో సంస్థానము భారతదేశమున జేరిన తరువాతను ఎనిమిదేండ్లు ఇదే యేర్పాటు సాగినది. తాండూరు రైతు సేడం దిక్కున నెద్దులను గొనిన నది తన జిల్లాలోనే కొన్నట్లు.

1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినది. గుల్బర్గా జిల్లా మైసూరు రాష్ట్రమునకు బోయినది. దానినుండి తాండూరు తాలూకా విడిపోయి హైదరాబాదు జిల్లాలోను, కొడంగల్ తాలూకా మహబూబునగరు జిల్లాలోను గలిసినవి. భాషనుబట్టి చూచిన నీ విభజనము న్యాయమైనది. తెలుగుబిడ్డలకు తెలుగున జదువు చెప్పవలెనన్నచో నిట్టి యెల్ల యవసరమే. అయితే భాషకు గీచిన గీత పశువులబాటకును గీతయైనది. పాఠశాలలో బాలురకు పటముపై నెఱ్ఱగీత జూపి ఇది రాష్ట్రపు సరిహద్దని చెప్పుదుము. కాగ్నానది యా గీతను జూచి యాగదు, పచ్చికయు నాగదు, అంగడియు నాగదు. ఆ గీతకు రెండుప్రక్కల లంబాడీల స్థితియు వేఱైనది. తెలంగాణమున వారు 1976 నాటి చట్టముచే షెడ్యూల్డు తెగలలో జేరిరి. కర్ణాటకమున షెడ్యూల్డు కులములలో నున్నారు. ఒకే యింటి చుట్టములు గీత కీవల నొక పేరను, ఆవల నొక పేరను లెక్కింపబడుచున్నారు.

మొదట నీ గీతవలన పశువర్తకమునకు గొప్ప హాని గలుగలేదు. రాజ్యాంగపు 301వ యధికరణము దేశమంతట వర్తకము స్వేచ్ఛగా సాగవలెనని చెప్పుచున్నది. అయితే పశుసంరక్షణము రాష్ట్రముల జాబితాలోనిది. 48వ యధికరణము గోసంతతిని వధనుండి కాపాడుటకు బ్రయత్నింప రాష్ట్రములను బ్రోత్సహించుచున్నది. కాబట్టి యొక్కొక్క రాష్ట్ర మొక్కొక్క చట్టము జేసినది. 1958లో సుప్రీంకోర్టు ఆవులను దూడలను వధింపరాదన్న నిషేధమును సమర్థించుచునే, పనికిరాని యెద్దుల విషయమున సంపూర్ణనిషేధము చెల్లదనెను. మైసూరు 1964లో నొక చట్టమును, ఆంధ్రప్రదేశము 1977లో నొక చట్టమును జేసినవి. సేద్యమునకును సంతానమునకును బనికిరాదని ధ్రువపఱుపబడిన యెద్దును వధించుటకు మన చట్టము వీలిచ్చినది. కర్ణాటకపు పాతచట్టమును పండ్రెండేండ్లు దాటిన యెద్దుల విషయమున నట్టి సందు విడిచినది. 2005లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గుజరాతు చట్టమును సమర్థించి పూర్వపు తీర్పును మాఱ్చినది. 2015లో మహారాష్ట్రమున ఎద్దులకును నిషేధము వర్తించినది. కర్ణాటకము 2020లో జేసి 2021లో నమలునకు దెచ్చిన క్రొత్తచట్టము పదమూడేండ్లు నిండిన యెనుములు దప్ప సమస్త పశువుల వధను నిషేధించినది. తప్పిదమునకు మూడునుండి యేడేండ్ల చెఱయు, 50,000 రూపాయలనుండి 5 లక్షలవఱకు జుల్మానాయు విధించినది.

చదువరులు గమనింపవలసిన విషయ మిది. వధకై తరలించుటను ఆ చట్టము శిక్షించునే గాని, సేద్యమునకై తరలించుటను గాదు. కాగితమున నీ భేదము స్పష్టము. బాటపై గాదు. లారీలోని యెద్దు తాను దున్నుటకు బోవుచున్నదో, కోతకు బోవుచున్నదో చెప్పజాలదు. చెప్పవలసినవాడు రైతు, నమ్మవలసినవాడు పొలిమేర యధికారి. నమ్మనిచో పశువులు జప్తగును, గోశాలకు బంపబడును. 2017లో కేంద్రప్రభుత్వము జేసిన నియమములచే వ్యాజ్యము తేలువఱకు నా పశువుల మేతఖర్చును యజమానుని మీదను, బండివాని మీదను మోపవచ్చును. 2021 జనవరిలో సుప్రీంకోర్టే యీ నియమముల నౌచిత్యమును బ్రశ్నించినది. వ్యాజ్యము గెలిచిన రైతునకు గూడ అప్పటికి దుక్కులకాలము మించిపోవును. ఎద్దు లేని యాషాఢము రైతున కెట్టిదో రైతునే యడుగవలెను.

2017 మే 23వ తేదీన ప్రకటింపబడిన పశువులయంగళ్ల నియమములు మఱియొక యడుగు ముందునకు వేసినవి. అంగడియందు వధకై పశువు నమ్మరాదు. కొన్నవాడు ఆఱునెలలవఱకు మరల నమ్మరాదు. విక్రయపత్రము అయిదు ప్రతులు వ్రాయవలెను. వీనికంటె మన సీమకు ముఖ్యమైన విధి యొకటి యందు గలదు. రాష్ట్రపు సరిహద్దునకు 25 కిలోమీటర్ల లోపున పశువుల యంగడి యుండరాదట. పూడూరు ఆ మేరకు వెలుపల నుండును గాని, తాండూరు, బషీరాబాదు, కొడంగల్, నారాయణపేట, జహీరాబాదు లన్నియు లోపలబడును. అంగడు లెప్పుడును రెండుసీమలు గలియుచోటనే వెలయును. గలియుచోట నంగడి గూడదనుట కూడలిలో దుకాణము గూడదనుట వంటిది. మదరాసు హైకోర్టు మధురధర్మాసనము మే 30వ తేదీన నీ నియమములలోని కొన్నింటిని నిలిపినది. హైదరాబాదువాసి యొకరు వేసిన యర్జీ విచారణలో సుప్రీంకోర్టు జూలై 11వ తేదీన నా నిలుపుదలను దేశమంతటికి వర్తింపజేసినది. నియమములు నిలిచిపోయినను, పొలిమేర నంగడికి బోవుట యపాయకరమన్న భయము మాత్రము పల్లెలయందు నిలిచినది.

ఆ భయమునకు హేతువు లేకపోలేదు. 2017 ఏప్రిలు 1వ తేదీన హర్యానాకు జెందిన పాడిరైతు లొకజట్టు జయపురపు టంగడిలో నావులను గొని, రశీదులతో స్వస్థలమునకు బోవుచు రాజస్థానమునందలి బెహ్రోరుకడ గుంపుచే నడ్డగింపబడిరి. దెబ్బలు తిన్నవారిలో నొకడు రెండుదినములకు మరణించెను. 2018 జూలై 17వ తేదీన సుప్రీంకోర్టు ఇట్టి గుంపుల దౌర్జన్యమును ఖండించి, జిల్లాకొక యధికారిని నియమింపుడని రాష్ట్రముల నాదేశించినది. చేతిలో రశీదుండియు ప్రాణము దక్కనిచోట ఏ రైతు పొలిమేర దాటి పశువును గొన సాహసించును?

ఫలితము లెక్కలయందు గానవచ్చుచున్నది. 2012 నాటి పశుగణనలో దేశమునందలి మగపశువులు సుమారు 6 కోట్ల 79 లక్షలు. 2019 నాటికి సుమారు 4 కోట్ల 74 లక్షలు. ఏడేండ్లలో నూటికి ముప్పది తఱిగినవి. అదే కాలమున ఆడుపశువులు పెరిగినవి. ఈ తఱుగుదల కంతకు చట్టములే కారణమనుట యన్యాయము, ట్రాక్టరు ముఖ్యకారణము. అయితే ట్రాక్టరు నందఱును ఒక్కతీరున బిలువలేరు. పదియెకరముల రైతు ఇష్టపడి యెద్దును విడిచెను. తండాలోని రెండెకరముల రైతు ముసలియెద్దు నమ్మలేక, క్రొత్తకోడెను గొనలేక, గంట కింత యని ట్రాక్టరునకు బాడుగ గట్టుచున్నాడు. మొదటివానిది యెన్నిక, రెండవవానిది గతిలేమి. లెక్కలో నిరువురును ఒక్క యంకెయే.

దీనికి మేతభూముల కుదింపు తోడైనది. కంచలును బంజర్లును దున్నబడినవి. పట్టణము చుట్టుపట్ల నివి యిండ్లస్థలము లయినవి. పూడూరు మండలమందలి దామగుండము నడవిలో సుమారు 2,900 ఎకరములు నౌకాదళముయొక్క వార్తాప్రసారకేంద్రమునకై యొసగబడినవి; 2024 అక్టోబరు 15వ తేదీన శంకుస్థాపన జరిగినది. దేశరక్షణ మవసరము గాదని యెవ్వరును అనరు. కాని యా యడవి యంచుపల్లెల మందలకు అది మేత. మేత తఱిగిన యూర నావుల నుంచుకొని దూడలను బెంచుట కష్టము. కావలసిన కోడెను వెలుపలినుండి కొనవలసి వచ్చును. అనగా నింటి మేపు తఱిగినకొలది పొరుగు టంగడిపై నాధారపడుట హెచ్చును. సరిగా నట్టి కాలముననే పొరుగు టంగడిదారి యిఱుకగుచున్నది.

గోరక్షణమును గోరువారి మాటయు వినవలసినదే. లారీలలో పశువులను గుక్కిఱియ జొనిపి, కాళ్లు విఱిగినను జూడక, నీళ్లు పెట్టక తరలించు క్రూరులు గలరు. పశువుల దొంగలు గలరు. రాత్రి కొట్టములోని పాడియావును గోల్పోయిన పేదరాలి దుఃఖము సామాన్యమైనది గాదు. ఏండ్లతరబడి తనకొఱకు కాడి మోసిన జీవమును కత్తికి నప్పగింపరాదను జాలి హృదయధర్మము. దానిని బరిహసించుట తగదు. అయితే జాలికి వెల యుండును. ముసలియెద్దునకు దినదినము గడ్డియు నీరును గావలెను. ఆ వెలను సమాజమంతయు బంచుకొనిన నది ధర్మమగును. రెండెకరముల రైతొక్కనిచే గట్టించిన నది పన్నగును. నిషేధము చేసిన రాష్ట్రము పనిమాలిన యెద్దును న్యాయమైన ధరకు తానే గొనుట ధర్మము. అట్లు కొనలేనిచో, రైతు దానిని చట్టము వీలిచ్చుచోట నమ్ముకొనుట కడ్డుపడరాదు. కొనను, అమ్మనీయను అను రెండు మాటలు నొక్క నోట వచ్చుట న్యాయము గాదు.

ఇప్పుడు జేయదగిన పనులు కష్టసాధ్యములు గావు. 2019లో నారంభమైన పశురోగనివారణోద్యమమున టీకా వేసిన పశువు చెవికి పండ్రెండంకెల బిళ్ల గట్టుచున్నారు. కౌటిల్యుడు పుస్తకమున కెక్కింపుమన్న గుర్తు నేడు బిళ్లరూపమున వచ్చినది. నేడు దానిని టీకాలెక్కకు వాడుచున్నారు. దానినే యాజమాన్యపత్రముగా జేయవచ్చును. అంగడిలో విక్రయము జరిగినవెంటనే బిళ్లయంకె కెదురుగా కొన్నవాని పేరు వ్రాసి, తెలుగు కన్నడ లిపులు రెంట రశీదిచ్చిన, అది పొలిమేర కిరువైపుల జెల్లవలెను. పశువైద్యు డంగడియందే యుండి పరీక్షించి పత్రమిచ్చిన, రైతు మఱియొక దినము పని జెడగొట్టుకొని యాసుపత్రి చుట్టు దిరుగనక్కఱలేదు. తాండూరును సేడమును, జహీరాబాదును బీదరును జంటలుగా జేసి, ఇరువైపుల పశుశాఖలవా రొక్క పుస్తకము నుంచుకొనవచ్చును. రిండర్‌పెస్టును దఱిమినపుడు రాష్ట్రము లీ యైకమత్యమును జూపినవే గదా!

వీనిలో నెల్ల ముఖ్యమైనది పూచీ. పశువును బట్టినవాడు, పోలీసైనను సరే, గోశాలయైనను సరే, నియతదినములలో గారణము జూపవలెను. రైతు నిర్దోషియని తేలిన మేతఖర్చు ప్రభుత్వము భరింపవలెను; చచ్చిన పశువు వెల నీయవలెను; తప్పిపోయిన దుక్కికి బరిహార మీయవలెను. అరపణము సుంకము గొన్న యంతపాలుడు పోయిన పశువునకు వెల గట్టవలెనని రెండువేల యేండ్లనాడే మనవారు విధించిరి. నేటి పొలిమేర కా యరపణము లేదు. దానితోపాటు పూచీయు లేకపోయినది. ఆపుట కధికారము గలదు గాని, ఆపినందువలని నష్టమునకు బదులు చెప్పు బాధ్యత లేదు. మన సీమ పశువర్తకపు వివాదములకు మూల మిదియే.

సముద్రముపై వచ్చిన పరదేశవర్తకునకు గణపతిదేవు డభయ మిచ్చెను. నేడు అదే యభయమును, పలుపుతాడు చేతబట్టి మన్నెగూడ బాటను నడచు స్వదేశపు రైతునకు రెండు రాష్ట్రములు గలసి యిచ్చుట యుక్తము. అందులకు గావలసినది క్రొత్త శాసనశిల గాదు. రెండు ప్రభుత్వములు సంతకము పెట్టిన యొక రశీదు, ఆ రశీదును మన్నింపవలెనని పొలిమేర యధికారికి నొక యాజ్ఞ.